కొండపల్లి కొండల కింద ఈతకో చెరువు

నలభై దాటాక విజయవాడలో ఓ స్విమ్మింగ్ పూల్లో ఈత నేర్చుకున్నాను. ఆడవాళ్లకని విడిగా ఇచ్చే ఆ గంటలో అంతా ఒకేసారి దిగుతాం. ఒకరి కాలు ఇంకొకరి మొహానికి తగులుతుంది, నాలుగు బారలు వేసేసరికి గోడ వచ్చేస్తుంది. గోడ అడ్డురాని నీళ్లలో ఈదాలని నా కోరిక. మా వదినది వేరే గోల. ఆవిడ చిన్నప్పుడు నడుముకి మునగబెండ్లు కట్టుకుని ఊరి చెరువులో నేర్చుకున్న మనిషి, క్లోరిన్ వాసనకే తల పట్టుకుంటుంది. "ఇంత కృష్ణమ్మని ఇంటి పక్కన పెట్టుకుని, చుట్టూ ఇన్ని కొండలూ చెరువులూ పెట్టుకుని, టైల్సు వేసిన తొట్లో దొర్లుతారేంటే మీరు?" అని ఎప్పుడూ దెప్పుతుంది. సరే, నువ్వే ఓ చోటు చూపించు వదినా అన్నాను. మా ఆయన కారు తోలడానికీ, ఒడ్డున తాడు పట్టుకుని నించోడానికీ ఒప్పుకున్నారు. నీళ్లలోకి మాత్రం రానని ముందే చెప్పేశారు.

మేం అడిగింది పెద్ద గొప్ప చోటేం కాదు. నీళ్లు నిలకడగా ఉండాలి, లాగకూడదు. ఒడ్డు మెల్లగా లోతవ్వాలి. గంటలో వెళ్లి రావాలి. తడి బట్టలు మార్చుకోవడానికి కాస్త చాటుండాలి. ఈ ఆఖరిది మగవాళ్లు రాసే జాబితాల్లో ఎక్కడా కనపడదు, మాకు మాత్రం సగం చోట్లు దాని దగ్గరే పోయాయి.

ముందు కృష్ణే చూశాం. ప్రకాశం బ్యారేజీకి పైన నది చూడ్డానికి సరస్సే. బ్యారేజీ దగ్గర 12 అడుగుల మట్టం నిలబెడతారు కాబట్టి ఇటు ఇంద్రకీలాద్రి నుంచి అటు ఉండవల్లి కొండ దాకా నీళ్లు కదలనట్టే ఉంటాయి. ఉంటాయి గానీ అది నది. పైన పులిచింతల ప్రాజెక్టులో నీళ్లు వదిలినా, ఇక్కడ గేట్లెత్తినా కదలిక మొదలవుతుంది, ఒడ్డున ఉన్నవాళ్లకి అది వెంటనే తెలియదు. 2024 సెప్టెంబరు మొదట్లో ఈ బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి వెళ్లాయి. అంత నీరు పోయాక నది అడుగు పాత అడుగులా ఉండదు. నిరుడు మోకాటి లోతున్న చోట ఈ ఏడు మడుగు పడుతుంది. సీతానగరం వైపు వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగితే, "ఘాట్ల దగ్గర మునకేసి రండమ్మా, ఈత మాటెత్తకండి. మెట్లు ఎక్కడ అయిపోతయ్యో అక్కణ్ణుంచి మాకే తెలవదు" అన్నాడు. పడవ మీదే బతికే మనిషి ఆ మాటన్నాక ఇక ఆలోచించడానికేముంది?

బ్యారేజీ కింద ఎండాకాలంలో ఇసుక మేటలూ మధ్యలో తేటనీటి మడుగులూ పిల్లల్ని రమ్మని పిలుస్తుంటాయి. ఇసుక తవ్విన గుంటలు ఆ మడుగుల్లోనే ఉంటాయి. ఏటా పేపర్లో వచ్చే వార్త అక్కడిదే. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువల్లో మా నాన్నగారి తరం ఈదిందట. ఇప్పుడు వాటి నీళ్లు చూస్తే చెయ్యి కడుక్కోబుద్ధి కాదు, పైగా గట్లు నిటారు. సూర్యలంక సముద్రం, మాకు అలలు వద్దు. కొండవీడు కొండ మీద రెడ్డిరాజుల నాటి చెరువులున్నాయి, అందమైనవే. కోటతో పాటు వాటినీ చూసి, అక్కడే గట్టు మీద పులిహోర తిని వచ్చేశాం, అందులో కాళ్లు పెట్టబుద్ధి కాలేదు. నాగార్జునసాగర్ వైపు మొసళ్లున్నాయి, ఆ మాట వినగానే వదిన చర్చ ముగించింది.

చూడగానే మనసు లాగేవి క్వారీ గుంటలు. కంకర కోసం కొండని తొలిచి వదిలేసిన చోట వాననీళ్లు నిలుస్తాయి. అడుగున మట్టి ఉండదు కాబట్టి నీళ్లు నీలమూ పచ్చా కాని ఓ రంగులో మెరుస్తుంటాయి. ఫోన్లో కుర్రాళ్లు పెట్టే వీడియోలన్నీ ఇలాంటి చోట్లవే. అంచున నించుని చూస్తే నాలుగు వైపులా నిలువు గోడ. దిగినవాడు అలిసిపోతే పట్టుకోవడానికి గడ్డిపోచ లేదు. మొదటి అడుగే మనిషి లోతు దాటుతుంది. పైన మూరెడు ఎండకి వెచ్చబడి ఉంటుంది, దాని కింద ఒక్కసారిగా చల్లన. ఆ చలి ఛాతీకి తగిలిందంటే ఊపిరి బిగుసుకుపోతుంది, ఎంత ఈతొచ్చినా సరే. వదిన కాసేపు చూసి, "ఇది మెట్లు కట్టని బావే" అని వెనక్కి తిరిగింది.

అలా తిరిగి తిరిగి చివరికి జి.కొండూరు, మైలవరం వైపు కొండపల్లి కొండల వారనున్న చెరువుల దగ్గర ఆగాం. బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర ఈ కొండల్లోదే. వానాకాలం ఆ వాలుల మీద పడిన నీళ్లు వాగులై దిగి కింద చెరువుల్లో చేరతాయి. చెరువంటే ఒకటే రకం అనుకుంటాం గానీ పల్లెల్లో అలా కాదు. కంచె వేసి, ఒడ్డు శుభ్రంగా ఉంచి, చూస్తే ఇక్కడే దిగాలనిపించేది మంచినీళ్ల చెరువు. అందులో చెయ్యి కూడా పెట్టకూడదు, ఊరంతా తాగే నీళ్లు. ఇళ్ల పక్కనున్న ఊర చెరువులోకి మురుగు వస్తుంది, గుర్రపుడెక్క పేరుకుని ఉంటుంది. చేపల చెరువైతే మేత సంగతి అడగాలి. కోళ్ల వ్యర్థాలు వేసే చెరువుకి అడగక్కర్లేదు, అర కిలోమీటరు నుంచే తెలుస్తుంది. మాకు మిగిలింది పొలాలకి నీళ్లిచ్చే చెరువులు, అవీ ఇళ్లకి కాస్త ఎడంగా, కొండకి దగ్గరగా ఉన్నవి.

అలాంటి ఓ చెరువు కట్ట మీద ఒక కాపరి పరిచయమయ్యాడు. కట్ట మీద రావిచెట్టుంది, చిన్న గుడుంది, కారు అక్కడిదాకా వెళ్తుంది. ఇక్కడే దిగుదామా అని నేనంటుంటే ఆయన నవ్వాడు.

"ఈడ దిగితే తేలేదుండదమ్మా. చెరువు లోతంతా కట్ట కిందే. ఆ ఎదర చూడండి, గొడ్లు దిగే వైపు. గేదె తొందరపడి దిగదు. కాలు పెట్టి చూసుకుని, నేల ఆనితేనే ఇంకో కాలేసిద్ది. నిటారుగా ఉన్న చోట దాన్ని కర్ర పెట్టి కొట్టినా దిగదు."

ఆ మాటతో చెరువుని చూసే తీరే మారిపోయింది. కట్ట లోపలి వాలుకి రాళ్లు పేర్చి ఉంటారు, అవి నాచు పట్టి జారతాయి. అక్కడే ఎక్కడో తూము ఉంటుంది. పొలాలకి నీళ్లు వదిలినప్పుడు పైన చిన్న సుడైనా కనపడదు, అడుగున మాత్రం లాగుతుంటుంది. నిండిన చెరువుకి కలుజు దగ్గర, అంటే ఎక్కువైన నీళ్లు పొర్లి బయటికి పోయే చోట కూడా అదే ప్రమాదం. కొండ వైపైతే నేల పొలం వాలినట్టు మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. నీడ లేదు, గుడి లేదు, కారు రాదు, తుమ్మముళ్లు దాటుకుంటూ నడవాలి. అందుకే ఎవరూ రారు. చాటు కూడా అక్కడే ఉంది, రెండు ఈత చెట్లూ ఓ పొదా.

గేదెలు చూపించిన వాలు మంచిదే, అవి పడుకునే నీళ్లు మంచివి కావు. పేడ సంగతి కంటికి కనపడుతుంది. కనపడనిది పశువుల మూత్రం, ఎలుకల మూత్రం. ఎలుక జ్వరం దాని వల్లే వస్తుంది, కాలి మీద చిన్న గీరుడున్నా చాలు లోపలికి పోవడానికి. కాబట్టి అదే వాలులో, గాలి వచ్చే వైపుకి, కేకేస్తే వినపడేంత దూరం జరిగాం. కాళ్ల మీద దెబ్బ ఉన్న రోజు దిగకూడదని నియమం పెట్టుకున్నాం.

ఇక్కడ చాలామంది తలకిందులు చేసే పని ఒకటుంది. ఈతంటే ఎండాకాలం అనుకుంటారు. మే నెలలో ఈ చెరువుల్లో ఉండేది మోకాటి బురద, దాని మీద పచ్చటి తెట్టు, వేడెక్కిన నీళ్లు. ఆ తెట్టు ఒంటికి తగిలితే దురద, కడుపులోకి పోతే వాంతులు. కేరళలో మెదడువాపు తెచ్చే అమీబా గురించి 2024 నుంచి వార్తలు చదువుతూనే ఉన్నాం, అది కూడా ఎక్కువగా వెచ్చగా నిలిచిన, ఉప్పు లేని నీళ్లలోనే ఉంటుంది. నీళ్లు తాగితే రాదు, ముక్కులోంచి ఎక్కితేనే వస్తుంది. ముక్కుకి క్లిప్పు పెట్టుకోవడం నాకు అప్పటి నుంచే అలవాటు. వదిన మాత్రం దాన్ని పెట్టుకుంటే గొంతు మారిపోతోందని విసుక్కుంటుంది.

వాన పడ్డాక కూడా కొన్నాళ్లు పనికిరాదు. కొండ మీది ఎర్రమట్టంతా దిగి చెరువు బెల్లం పానకం రంగుకొస్తుంది. పైగా ఈ కొండల కింద నీళ్లు ఎంత తొందరగా పెరుగుతాయో 2024లో బుడమేరు వాగు విజయవాడలో సగానికి చూపించింది. మా లెక్కలో మంచి కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి. మట్టి అడుగుకి చేరి ఉంటుంది, తెట్టు పెరిగేంత వేడి ఉండదు, నీళ్లు నిండుగా ఉంటాయి. డిసెంబరు కూడా అన్నిసార్లూ నమ్మదగ్గది కాదు. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే.

అయితే ఎండాకాలం దండగ కాదు. ఈదేది చలికాలమైనా, చెరువుని చదవాల్సింది ఎండాకాలంలోనే. మే నెలలో వెళ్తే చెరువు తన కడుపంతా తెరిచి చూపిస్తుంది. మేం వెళ్లినప్పుడు నీళ్లు కట్ట కిందకి ముడుచుకుపోయి ఉన్నాయి, మేం ఈదాలనుకున్న చోటంతా పగుళ్లిచ్చిన నేల. దాని మీద చెప్పుల్తో నడిచాం. కొండ వైపు నుంచి మెల్లగా వాలుతున్న నేల ఒక చోట ఠక్కున తెగిపోయింది. పొక్లెయిన్ పళ్ల గీతలు ఇంకా గోడ మీద నిలువుగా కనపడుతున్నాయి. ఇళ్ల మెరకకి మట్టి తోలుకుపోయారట. మా ఆయన అందులోకి దిగి నించుంటే పైనున్న నాకు తల కూడా కనపడలేదు. జనవరిలో దాని మీద నీళ్లు నిండితే ఆ అంచు ఎవరికీ తెలియదు. మొలలోతులో నడుస్తూ ఒక్క అడుగు ముందుకేస్తే మనిషి మాయం. చెరువుల్లో ఈత రానివాళ్లు పోయేది ఎక్కువగా ఇలాగే, ఈదుతూ కాదు, నడుస్తూ.

గుంట ఎక్కడుందో గుర్తు కోసం ఫోటోలు తీశాం. గట్టు మీది జంట తాడిచెట్లకీ, ఎదురుగా కొండ మీదున్న తెల్ల బండకీ మధ్య గీత గీస్తే ఆ గీతకి కట్ట వైపంతా గుంటే. ఇటువైపు ఎక్కడా తవ్వలేదు. మొద్దులు, తుమ్మకంప, పగిలిన సీసాలు ఏరి ఓ పక్కన పడేశాం. వదిన ఆ పని చేస్తూ చేస్తూ, కంప మధ్యలో పాతుకుపోయిన వల ముక్క ఒకటి లాగింది. నైలాను వల, ఎప్పటిదో, ఇంకా గట్టిగానే ఉంది. నీళ్లలో కాలికి చుట్టుకుంటే కత్తి ఉంటే తప్ప ఊడదు.

నీళ్ల పరీక్ష కూడా చేయించాం, అది నా పట్టుదల. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లని తరగతులుగా విడదీసింది. ఆరుబయట స్నానానికి పనికొచ్చేది 'బి' తరగతి: 100 మిల్లీలీటర్లలో కోలిఫాం, అంటే మలం కలిసిందేమో పట్టించే బ్యాక్టీరియా, 500కి మించకూడదు, కరిగిన ఆక్సిజన్ లీటరుకి 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ, అంటే నీళ్లలోని మురుగు కుళ్లడానికి ఖర్చయ్యే ఆక్సిజన్, 3 మిల్లీగ్రాములు దాటకూడదు. విశాఖలో రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ శుభ్రత గుర్తింపు వచ్చింది కాబట్టి అక్కడ నీళ్ల సంగతి వేరేవాళ్లు చూస్తుంటారు. చెరువు దగ్గర చూసేవాళ్లెవరు? మనమే సీసా పట్టుకెళ్లాలి. ఇళ్ల పక్కనున్న ఓ చెరువు నీళ్లూ, మేం చూసుకున్న చెరువు నీళ్లూ ల్యాబులో ఇచ్చాం. మొదటి దానికి కోలిఫాం వేలల్లో వచ్చింది. మాది 500కి కాస్త పైన. తల ముంచినా నీళ్లు మింగకుండా ఈదగలిగిన పెద్దవాళ్లం, మాకు పర్లేదనుకున్నాం. పిల్లల్ని తీసుకెళ్లకూడదని మాత్రం అప్పుడే తీర్మానం చేసేశాం. ఒక్క రోజు తీసిన సీసా ఆ ఒక్క రోజు సంగతే చెబుతుంది, మర్నాడు వాన పడితే అంకె మారిపోతుంది.

దానికన్నా నాకు రోజూ పనికొచ్చింది తెల్ల పింగాణీ ప్లేటు. మూడు చిల్లులు పెట్టించి, తాడు కట్టి, కింద రాయి వేలాడదీశాను. నీళ్లలోకి వదిలి, ఎంత లోతులో కనపడకుండా పోతుందో తాడు మీద వేలితో పట్టుకుని చూడటమే. సెక్కీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త 1865లో సముద్రంలో చేసిన పని ఇదే. ఆ పేరు మీదే ఇప్పటికీ చెరువుల తేటదనం కొలుస్తారు. మా ప్లేటు నవంబరులో మోచేతి లోతుకే మాయమైంది, సంక్రాంతి నాటికి నడుం లోతు దాకా కనపడింది. నీళ్లు తేటగా ఉండటం అందానికి కాదు. పక్క మనిషి మునిగితే ఎక్కడుందో చూడగలగాలి.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ముక్కనుమ కూడా వెళ్లాకే బయల్దేరాం. పొద్దున్నే వెళ్లడం మంచిది, ఎండ ముదిరాక గాలి లేచి అలలు మొహానికి కొడతాయి. లెగ్గింగ్సు, పొడుగు చేతుల టీషర్టు, నడుముకి తాడుతో వెనక తేలే నారింజ రంగు బోయ. చీరతో దిగడం కన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి లేదని వదినకి చెప్పి ఒప్పించడానికే ఓ వారం పట్టింది. చీర కాళ్లకి చుట్టుకుంటుంది, బరువెక్కుతుంది. ఒడ్డున మా ఆయన చేతిలో పొడుగాటి నైలాను తాడూ, గాలి నింపిన లారీ ట్యూబూ. ఎవరికి ఏమైనా ట్యూబు విసరాలి, తను దూకకూడదు. ఆయనకి ఈత రాదు మరి.

దిగేటప్పుడు వెదురు కర్రతో అడుగు పొడుచుకుంటూ వెళ్లాను. మొదట బంకమట్టి, తర్వాత కాస్త గరుకు నేల, మళ్లీ మెత్తన. ఛాతీ లోతులో బోర్లా పడి బారేశాను. పూల్లో అడుగున నల్లగీత ఉంటుంది, దాన్ని చూస్తూ పోవచ్చు. ఇక్కడ కళ్లద్దాల్లోంచి చూస్తే పచ్చటి మసక, అంతే. తిన్నగా వెళ్తున్నాననుకుని తలెత్తితే ఎటో ఉన్నాను. నా కుడి చెయ్యి ఎడమ చెయ్యి కన్నా బలంగా లాగుతుందట, ఎడమకి తిరిగిపోతున్నాను. అప్పటి నుంచీ ఏడెనిమిది బారలకోసారి తలెత్తి కొండ మీది తెల్ల బండని చూసుకోవడం నేర్చుకున్నాను. మే నెలలో గుంట గుర్తుకని పెట్టుకున్న బండే ఇప్పుడు దారి చూపించే గురుతైంది. వదినకి ఇవేం అక్కర్లేదు. తల పైకెత్తుకుని, కబుర్లు చెబుతూ, ఆ పాత చెరువు ఈత ఈదేస్తుంది. నాకన్నా ముందు వెళ్లిపోతుంది కూడా.

చెరువుకి అడ్డంగా అవతలి ఒడ్డుకి వెళ్లే పని పెట్టుకోలేదు. ఒడ్డు వెంబడి, నేల ఆనే లోతుకి పక్కగా, అటూ ఇటూ. అలసట వస్తే కాళ్లు కిందకి దించితే చాలు. తామర తూడులు కాళ్లకి తగిలినప్పుడు తన్నుకోకూడదు, తన్నుకుంటే ఇంకా చుట్టుకుంటాయి. వెల్లకిలా తిరిగి చేతుల్తో మాత్రమే వెనక్కి రావాలి. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు వరసగా తేలుతుంటే కింద వలుందని అర్థం, ఆ వైపు పోకూడదు.

వలల మాట వచ్చింది కాబట్టి లీజుదారు సంగతి చెప్పాలి. చెరువులో చేపల హక్కు పాడుకున్నాయన ఒకాయన ఉన్నాడు, ఆయన్ని అడక్కుండా దిగితే తగువే. మే నెలలోనే వెళ్లి కలిశాం. మొదట ఒప్పుకోలేదు.

"చేపలెత్తుకుపోతారని కాదమ్మా. రేపేదన్నా అయితే ముందు నా పేరే రాసుకుంటారు" అన్నాడు.

ఆయన భయంలో తప్పేం లేదు. చివరికి వాళ్లావిడ కలగజేసుకుని, "ఆడోళ్లు ఈతకొస్తామంటే అడ్డం పడతావేంది, నేనూ వస్తా ఒకరోజు" అంది. షరతులు ఆవిడే పెట్టింది. ముందు రోజు ఫోన్ చెయ్యాలి, వలలేసిన రోజు రాకూడదు, వెంట జనాన్ని తేకూడదు, వీడియోలు తియ్యకూడదు. పక్క ఊళ్లో ఓ చెరువుకి కుర్రాళ్లు వీడియోల కోసం ఎగబడితే పంచాయతీ వాళ్లు ఎవరూ దిగకూడదని బోర్డు పెట్టేశారట. మా చెరువు పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం కూడా అదే, పేరడక్కండి.

మార్చి వచ్చేసరికి పొలాలకి తూము ఎత్తుతారు, నీళ్లు తగ్గడం మొదలవుతుంది. అప్పటి నుంచి మళ్లీ పూలే. ఈసారి మేలో మట్టి తవ్వారో లేదో చూడ్డానికి వెళ్లాలి. కొత్త గుంట పడితే ఫోటోలన్నీ మళ్లీ తియ్యాలి. లీజుదారు గారి ఆవిడ కూడా వస్తానంది, ఆవిడకి ఈత బాగా వచ్చట గానీ పెళ్లయ్యాక దిగలేదట. లెగ్గింగ్సు ఎక్కడ కొన్నారని వదినకి ఫోన్ చేసి అడిగింది.